అరగంట దూరం

మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి డిటెక్టివ్ అధ్యయన కేంద్రం రికార్డు గదిలోకి వచ్చేసరికి, అక్కడున్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చుని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఆవలిస్తున్నాడు.

“రండి మేడమ్ గారూ, మీ కోసమే సీలు తీయించి ఉంచాను. మూడింటికి ఫైలు మూసేస్తున్నా. ప్రమాదవశాత్తూ మరణం. గంటా ఇరవై నిమిషాలున్నాయి, మీ సరదా తీర్చుకోండి.”

“నువ్వు కుర్చీ ఇస్తే కూర్చుని తీర్చుకుంటాను.”

అతను లేవలేదు. పదేళ్ళ కిందట ఇద్దరిదీ ఒకే స్టేషన్. కేసు డైరీ ఎలా రాయాలో అతనికి నేర్పింది ఆమే. ఉద్యోగం వదిలి సొంతంగా కేసులు చూడటం మొదలుపెట్టాక, అతను మూసేసిన ఫైళ్ళు రెండింటిని ఆమె తిరిగి తెరిపించింది. అప్పటినుంచీ ఆమె మాటెత్తితే చాలు, అతనికి ఒళ్ళుమంట.

ఆమె చేతిసంచిలోంచి నోటుబుక్కు తీసింది. కూతురు వదిలేసిన లెక్కల పుస్తకం అది. ముందు సగం త్రికోణమితి, వెనక సగం హత్యలు.

నిన్న ఉదయం ఎనిమిదీ యాభైకి, టీ ఇచ్చే ఆవిడ కప్పు పట్టుకుని ఈ గదిలోకి వచ్చి కేక పెట్టింది. ఇనుప నిచ్చెన పక్కన, నేలమీద, తల పగిలి పడి ఉన్నాడు ఈ సంస్థలో సర్వేలు చేసే పెద్దాయన. తోటివాళ్ళు ఆయన్ని ‘నిమిషాల మాస్టారు’ అనేవారు. ఎక్కడికి వెళ్ళినా ఎంతసేపు పట్టిందో రాసుకోవడం ఆయన అలవాటు. ప్రాణం పోయింది ఎనిమిదికీ ఎనిమిదిన్నరకూ మధ్య అని డాక్టరు చెప్పాడు.

ఆ సంస్థ ప్రభుత్వానికి సలహాలిచ్చే అధ్యయన కేంద్రం. ఈ సాయంత్రం నాలుగింటికి ఆ కేంద్రం నివేదిక ఒకటి మంత్రుల కమిటీ ముందుకు వెళ్తోంది. పల్లెల్లోని చిన్న కాన్పు ఆసుపత్రులు నలభై ఒకటి మూసెయ్యొచ్చనీ, అక్కడివాళ్ళు అరగంటలో పెద్దాసుపత్రికి చేరుకోగలరనీ దాని సారాంశం. ఆ నివేదిక కోసం సర్వే చేసింది నిమిషాల మాస్టారే. ఆయన అక్క ఆ నలభై ఒకటిలో ఒకదాంట్లో నర్సు. నిన్న రాత్రి డిటెక్టివ్‌కు ఫోన్ చేసింది ఆవిడే.

“మా వాడు స్టూలెక్కి బల్బు కూడా మార్చడు మేడమ్,” అంది. “చిన్నప్పుడు మేడమీద నుంచి పడ్డాడు. అప్పట్నుంచీ ఎత్తంటే కాళ్ళు వణుకుతాయి. నిచ్చెనెక్కాడంటే నేను నమ్మను.”

డిటెక్టివ్ ఆ మాట చెబితే ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. “తమ్ముడు పోతే ఏ అక్కైనా అలాగే అంటుంది. పైనున్న పెట్టె చూడండి. సగం బయటికొచ్చి ఉంది. దాని కోసం ఎక్కాడు, జారాడు, బల్ల అంచు తగిలింది. ఇందులో ఏం మిగిలింది?”

ఆమె నిచ్చెనను చూసింది. కింద నాలుగు చక్రాలు, వాటికి బిగింపులు. నాలుగూ బిగించే ఉన్నాయి. మెట్ల మీద దుమ్ము రెండు మూడు చోట్ల చెదిరింది. అది పోలీసు బూట్ల పనే అయ్యుండొచ్చు. పైన వరసగా నలభై, యాభై అట్టపెట్టెలు. ఒక్కోదానికీ అతికించిన చీటీ మీద చీమ తలంత అక్షరాలు.

“మాస్టారి జేబులో దొరికిన వస్తువుల పట్టీ ఉందా?”

ఇన్‌స్పెక్టర్ ఫైలు అందించబోయాడు. ఆమె పుచ్చుకోలేదు.

“నువ్వే చదువు.”

అతను పట్టీని కాస్త దూరంగా పట్టుకున్నాడు. తరవాత ఇంకాస్త.

“చెయ్యి అలాగే చాపుతూ పో, కిటికీ దాకా వెళ్తుంది. కళ్ళజోడు తెచ్చుకోవడానికి నామోషీ ఎందుకయ్యా? నీకూ నలభై దాటాయిగా.”

“కనబడుతోంది లెండి.” అతను విసుగ్గా చదివాడు. “చేతిరుమాలు. పెన్ను. బస్సు టికెట్లు పదకొండు. కళ్ళజోడు, డబ్బాతో సహా.”

“డబ్బా తెరిచి ఉందా, మూసి ఉందా?”

“మూసి ఉంది.”

“దగ్గరి చూపు కళ్ళజోడా, దూరందా?”

“దగ్గరిది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. పైన చీటీల వైపు ఒకసారి చూశాడు, చేతిలో పట్టీ వైపు ఒకసారి చూశాడు.

“యాభై ఏడేళ్ళ మనిషి,” అంది డిటెక్టివ్. “ఎత్తంటే భయం. ఆ చీటీలు చదవాలంటే కళ్ళజోడు కావాలి. దాన్ని డబ్బాలో పెట్టి, డబ్బా జేబులో పెట్టుకుని, నిచ్చెనెక్కి ఏ పెట్టె వెతుకుతాడు? మూడింటిదాకా టైముందన్నావు. పద, డైరెక్టర్‌తో మాట్లాడదాం.”

ప్రొఫెసర్ అని పిలిస్తేనే పలికే డైరెక్టర్ బక్కపల్చటి మనిషి. బల్ల మీద కాగితాలు అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. వాళ్ళు కూర్చునే లోపే మొదలుపెట్టాడు.

“ఆయన చాలా నిజాయితీపరుడమ్మా. మాకు తీరని లోటు. కానీ ఈ సంఘటనకూ మా నివేదికకూ ముడి పెట్టడం భావ్యం కాదు. మేం నిర్ణయాలు తీసుకోం. సలహా ఇస్తాం, అంతే.”

“మీ సలహాల్లో ప్రభుత్వం వద్దన్నవి ఎన్ని?”

ఆయన ఆలోచించాడు. “ఈ ఎనిమిదేళ్ళలో... రెండు.”

“అయితే నిర్ణయం ఇక్కడే అవుతోంది. సంతకం మాత్రమే అక్కడ. సరే, ఒక నివేదిక తయారయ్యేది ఎలాగో చెప్పండి.”

పని గురించి అడిగేసరికి ఆయన ముఖంలో కాస్త వెలుగొచ్చింది. “మాదొక పద్ధతి. మొదటి ముసాయిదా పసుపు కాగితం మీద, రెండోది గులాబీ మీద, మూడోది ఆకుపచ్చ మీద వేస్తాం. ఖరారైంది తెల్ల కాగితం మీద. ప్రతి కాపీకీ నంబరుంటుంది. కొత్త రంగు రాగానే పాత రంగు కాపీలన్నీ వెనక్కి తీసుకుని చింపేస్తాం. ఎవరి చేతిలో పాతది మిగిలినా రంగు చూడగానే తెలిసిపోతుంది.”

“పసుపులో ఏముంటుంది?”

“సిఫార్సులు.”

“గులాబీలో?”

“సర్వే అంకెలు. ఆధారాలు.”

“అంటే కూర దించాక కూరగాయలు తెస్తారన్నమాట.”

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. ప్రొఫెసర్ కాగితాల అంచులు మరోసారి సర్దాడు.

“మాస్టారి కూరగాయలు ఈ కూరలో ఇమిడాయా?” అని అడిగింది డిటెక్టివ్.

“మొదట్లో కొంత తేడా వచ్చింది. మేం మ్యాపు మీద దూరం కొలిచి నిమిషాలు కట్టాం. ఆయన నెలలు నిండిన ఆడవాళ్ళ వెంట బస్సుల్లో, అద్దె బండ్లలో తిరిగి, గడియారం చూసి రాశాడు. గులాబీ కాపీ నిండా అవే రాతలు. కానీ చివరికి ఒప్పుకున్నాడు. సర్వే చేసిన మనిషి ఒప్పుకోలు సంతకం లేకపోతే నివేదిక గడప దాటదు. అది నేను పెట్టిన నియమం.” ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కొంచెం గర్వం వినిపించింది.

“ఆ సంతకం చూడొచ్చా?”

ఆయన సొరుగులోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చాడు. లోపల ఒక్క పేజీ. ‘నా సర్వే అంకెలకూ నివేదిక సిఫార్సులకూ తేడా లేదని అంగీకరిస్తున్నాను.’ కింద మాస్టారి సంతకం, మొన్నటి తేదీ, సాయంత్రం ఆరుంబావు.

“మీ ఎదుట సంతకం పెట్టాడా?”

“లేదు. నిన్న మధ్యాహ్నం ఆయన సొరుగులో మా కోఆర్డినేటర్‌కు దొరికింది. ప్రభుత్వానికీ మాకూ మధ్య తిరిగేది ఆయనే. వచ్చే నెల మంత్రిగారి సలహాదారుగా వెళ్తున్నారు. ఈ నివేదిక విషయంలో అక్కడ మాటిచ్చి ఉన్నారు పాపం, ఈ గొడవతో ఆయనకు ఊపిరాడలేదు.”

“ఆయనెక్కడ?”

“తెల్ల కాపీలు తీసుకుని పన్నెండూ నలభైకే మంత్రిత్వ శాఖకు వెళ్ళారు. పది నిమిషాల దారి.”

డిటెక్టివ్ ఆ పేజీని కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసింది. ఇన్‌స్పెక్టర్‌కు ఓపిక పోయింది.

“సంతకం దొంగదంటారా? నేను ముందే పోల్చి చూశాను మేడమ్ గారూ. అచ్చు గుద్దినట్టుంది.”

“సంతకం సంగతి తరవాత. ప్రొఫెసర్ గారూ, ఆకుపచ్చ ముసాయిదా ఎప్పుడు ప్రింటు చేశారు?”

“నిన్న. పోలీసులు అంతా చూసుకుని వెళ్ళాక. మధ్యాహ్నం రెండింటికి.”

“మొన్న సాయంత్రం అందరి చేతుల్లోనూ ఏ రంగుండాలి?”

“గులాబీ.”

ఆమె పేజీని బల్ల మీద ఆయన ముందు పెట్టింది.   ఆ కాగితం ఆకుపచ్చగా ఉంది.

ప్రొఫెసర్ దాన్ని ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “నా చేతికిచ్చేసరికి...” అని ఆగాడు. “అప్పటికి నా బల్ల నిండా ఆకుపచ్చే ఉందమ్మా. నేను చూడలేదు.”

“ఇచ్చినాయనా చూసుకోలేదు. మూడో ముసాయిదాలో చేరే పేజీ గనక అలవాటుకొద్దీ మూడో రంగు మీద వేశాడు. ఇన్నేళ్ళ అలవాటు చేతిని ఊరుకోనివ్వదు.”

“ఆగండాగండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఆకుపచ్చ కాగితమేమైనా ఆకాశంలోంచి పడుతుందా? మొన్న సాయంత్రం ప్రింటు గదిలో ఒకటి దొరికుంటుంది, దాని మీద వేసుకుని సంతకం పెట్టుంటాడు. దీన్ని పట్టుకుని హత్య అనమంటే ఎలా?”

“మంచి ప్రశ్న వేశావు. నేను నేర్పిన పాఠం ఒక్కటైనా గుర్తుంది. పద.”

ప్రింటు గది భవనం వెనక భాగంలో ఉంది. దాన్ని ఆనుకుని వెనక గేటు. అక్కడ పాతికేళ్ళుగా పనిచేస్తున్నాయన్ని డైరెక్టర్ దగ్గర్నుంచి అందరూ మావయ్య అనే పిలుస్తారు. ఆయన మరిచిపోయిన విషయాలు లేవు, మన్నించిన తప్పులూ లేవు.

“మావయ్యగారూ, మొన్న సాయంత్రం ఈ గదిలో ఆకుపచ్చ కాగితం ఉందా?”

“ఉంటే నేనెందుకు పోట్లాడతానమ్మా? అయిపోయి పది రోజులైంది. మూడుసార్లు ఫోన్ చేస్తే నిన్న పొద్దున పంపారు షాపువాళ్ళు. పంపిందైనా సరిగ్గా పంపారా? ఎప్పుడూ వచ్చే లేతరంగు కాదు. చూడండి, ముదురు.”

ఆయన చిత్తు కాగితాల తట్టలోంచి పాత ఆకుపచ్చ ముక్క తీసి, కొత్త కట్ట పక్కన పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ రెండింటినీ చూసి భుజాలెగరేశాడు. “రెండూ ఆకుపచ్చే.”

“బట్టకు సరిపోయే దారం రీలు కోసం నాలుగు షాపులు తిరిగినవాళ్ళకు రెండూ ఒకటి కావు,” అంది డిటెక్టివ్. ఒప్పుకోలు పేజీని కవరుతోనే కట్ట మీద పెట్టింది. అంచు ఎక్కడుందో వేలితో తడిమితే గాని తెలియలేదు. పాత ముక్క పక్కన పెడితే గది అవతలి నుంచైనా తేడా కనబడుతోంది. ఈసారి ఇన్‌స్పెక్టర్ దగ్గరికొచ్చి వంగి చూశాడు. జేబులోంచి, ఎవరూ చూడటం లేదన్నట్టు, కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు.

“ఈ కట్ట ఎన్నింటికి దించారు?”

“నేనొచ్చింది తొమ్మిదీ పదికి. అప్పటికే బల్ల మీదుంది. చీటీ దానిమీదే పెట్టారు.” మావయ్య మేకుకు గుచ్చిన చీటీల్లోంచి పైది తీశాడు.

షాపు చీటీలో సరుకు దించిన సమయం తొమ్మిదీ ఐదు. ముట్టినట్టు కింద పొట్టి సంతకం.

“ఇదెవరిది?”

“కోఆర్డినేటర్ గారిది. అంతటి మనిషి చేత కాగితాలు మోయించారే అని నేనే నొచ్చుకున్నా. ముందువైపేమో అంతా గోలగోలగా ఉంది, వెనక్కొచ్చి గేటు తీసే దిక్కెవరు?”

డిటెక్టివ్ నోటుబుక్కు తిప్పింది. ముందు తలుపు తెరుచుకోవాలంటే ఎవరి కార్డు వాళ్ళు గీకాలి. వెనక గేటుకు తాళం చెవి చాలు. ఆ యంత్రం చెప్పిన సమయాలు పొద్దున్నే రాసుకుంది. మాస్టారు ఎనిమిదీ రెండు. టీ ఆవిడ ఎనిమిదిన్నర. మావయ్య తొమ్మిదీ పది. డైరెక్టర్ తొమ్మిదీ ఇరవై. కోఆర్డినేటర్ తొమ్మిదీ ఇరవై అయిదు.

ఆమె పుస్తకాన్నీ చీటీనీ ఇన్‌స్పెక్టర్ ముందు పక్కపక్కన పెట్టింది.

“తొమ్మిదీ ఇరవై అయిదుకి భవనంలోకి వచ్చిన మనిషి, తొమ్మిదీ ఐదుకి ఇక్కడ సరుకెలా దింపుకున్నాడు?”

ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా అన్నాడు: “వెనక గేటు నుంచి ముందే వచ్చాడు. మాస్టారితో గొడవైంది. ఎనిమిదీ యాభైకి టీ ఆవిడ కేక వెయ్యగానే ఈ గదిలో నక్కాడు. బయటికి జారుకుందామనుకునేసరికి షాపువాడు గేటు దగ్గర బెల్లు కొడుతున్నాడు...”

“బెల్లు మోగుతూ ఉంటే ఎవరో ఒకరు వెనక్కొస్తారు. అందుకని తనే తీశాడు. సంతకం పెట్టమంటే పెట్టాడు. వాణ్ణి పంపించి, వెనక నుంచి బయటపడి, వీధి చుట్టి వచ్చి ముందు తలుపు దగ్గర కార్డు గీకాడు. ఒప్పుకోలు పేజీ ఆ కట్టలోదే. అప్పటికి మాస్టారు బతికి లేడు. ఎంత అచ్చు గుద్దినట్టున్నా ఆ సంతకం దొంగదే.”

ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచాడు. ‘ప్రమాదవశాత్తూ’ అని రాసిన చోట పెన్ను పెట్టి, అడ్డంగా ఒక గీత గీశాడు. తలెత్తకుండానే అడిగాడు. “టైమెంత వెయ్యమంటారు మేడమ్?” ఈసారి గారూ లేదు, ఎకసెక్కమూ లేదు.

“రెండూ ఇరవై ఆరు. మావయ్యగారూ, మాస్టారి గులాబీ కాపీ వెనక్కొచ్చిందా?”

“నాలుగో నంబరా? తన దగ్గరుంది, తనే చింపేస్తానన్నారమ్మా కోఆర్డినేటర్ గారు. వచ్చినట్టు ఆయనే టిక్కు పెట్టారు. నా చేతికి మాత్రం రాలేదు.”

“అయితే ఆయనకూ దొరికుండదు. మాస్టారు ముందే ఎక్కడికైనా పంపేసుంటాడు,” అంది డిటెక్టివ్.

వాళ్ళు హాల్లోకి వచ్చేసరికి ప్రొఫెసర్ రిసెప్షన్ దగ్గర నిలబడి ఉన్నాడు. డిటెక్టివ్ ఆయన్ని దాటి రిసెప్షన్ అమ్మాయిని అడిగింది. “మొన్న సాయంత్రం మాస్టారు ఏదైనా పోస్టు చేశారా అమ్మా?”

“చేశారు మేడమ్. పెద్ద కవరు. అది మీకెలా తెలుసు? మధ్యాహ్నం కోఆర్డినేటర్ గారూ ఇదే అడిగారు. డిస్పాచ్ రిజిస్టర్ చూసుకుని వెంటనే వెళ్ళిపోయారు.”

“ఎన్నింటికి?”

“పన్నెండూ నలభైకి.”

ఆమె రిజిస్టర్ ఇటు తిప్పుకుంది. మొన్నటి పేజీ చివరి వరసలో మాస్టారి అక్క చిరునామా. కాన్పు ఆసుపత్రి.

ప్రొఫెసర్ మంత్రిత్వ శాఖకు ఫోన్ చేశాడు. రెండు ముక్కలు విని పెట్టేశాడు. “కాపీలు అందలేదట. ఆయన అక్కడికి రానే లేదు.”

అప్పుడే డిటెక్టివ్ ఫోన్ మోగింది. అవతల నర్సు. వెనక ఎవరో ఆడమనిషి నొప్పులతో మూలుగుతోంది.

“మేడమ్, తమ్ముడి కవరు టపాలో వచ్చింది. అన్నీ గులాబీ కాగితాలు. వాడి దస్తూరీ చూస్తే ప్రాణం ఉసూరుమంది. మీరు భలే త్వరగా పంపించారు, ఇన్‌స్పెక్టర్ గారు కూడా వచ్చేశారు. ఇచ్చెయ్యమంటారా?”

డిటెక్టివ్ తన ఎదురుగా ఉన్న ఇన్‌స్పెక్టర్ ముఖంలోకి చూసింది.

“అక్కా, ఆయన నీకెంత దూరంలో ఉన్నాడు?”

“వరండాలో. మఫ్టీలో వచ్చాడు. కార్డు దూరం నుంచే ఆడించాడు.”

“ముఖంలో ఏమీ కనబడనివ్వకు. కాగితాలు లోపలున్నాయి, తెస్తానని చెప్పి కాన్పు గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకో. అతను ఇన్‌స్పెక్టర్ కాదు. నీతో ఎవరున్నారు?”

“ఉండండి, లోపలున్నాయి, తెస్తా” అని నర్సు ఎవరితోనో అనడం వినిపించింది. తరవాత ఫోన్లో గొంతు తగ్గించింది. “నేనూ, ఆయా, బల్ల మీద పేషెంటూ. డాక్టరు సెలవు. అతను గడప తొక్కడు, మగవాళ్ళు లోపలికి రాకూడదని ఇందాకే కసిరాను.” గడియ పడిన చప్పుడు వినిపించింది. “పాత గడియ మేడమ్. గట్టిగా రెండు తోపులు తోస్తే ఊడొస్తుంది. మీరెంతసేపట్లో వస్తారు?”

ఇన్‌స్పెక్టర్ అప్పటికే జీపు తాళాలు తీశాడు. “ఔట్‌పోస్టుకు చెబుతాను, అక్కడ దగ్గర్లో ఒకటి...” అని ఆగిపోయాడు. “లేదు. నిరుడు ఎత్తేశారు. పెద్ద స్టేషన్ అరగంట దూరమేనని.”

 ప్రొఫెసరే చెప్పాడు, తన చేతుల వైపు చూసుకుంటూ. “అదీ మా నివేదికే. అదీ మ్యాపు మీదే కొలిచాం.”

డిటెక్టివ్ ఒప్పుకోలు పేజీని ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చి, ప్రొఫెసర్ వైపు తిరిగింది. “మీరు నాలుగింటికి ఆ కమిటీ ముందుంటారు. సర్వే చేసిన మనిషి ఒప్పుకోలేదని చెబుతారు. ఆ నియమం పెట్టింది మీరేనన్నారుగా?”

ఆయన తల ఊపాడు. కోటు తగిలించుకుని బయటికి నడిచాడు.

జీపు ఎక్కుతూ ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. “అక్కా, నీ తమ్ముడు రాసిన కాగితం చూడు. నీ ఆసుపత్రి నుంచి పెద్దాసుపత్రికి ఎంతసేపు? మేం ఆ పక్క వీధిలోంచే బయల్దేరుతున్నాం.”

కాగితాలు తిరిగేసిన చప్పుడు. “గంటా యాభై నిమిషాలు. రైలు గేటు పడకపోతే.”

డిటెక్టివ్ గడియారం చూసింది. రెండూ ముప్పై ఎనిమిది.

“మేడమ్, బిడ్డ తల కనబడుతోంది. ఫోను పక్కన పెడుతున్నా,” అంది నర్సు.

ఫోన్ ఏదో లోహపు పళ్ళెంలో పడిన చప్పుడైంది. ఆ తరవాత “ఇంకొక్కసారి తల్లీ, గట్టిగా” అని నర్సు గొంతు. దాని మీదుగా, తలుపు మీద మొదటి తోపు.